పొగ వారిది, చెట్టు మనది

గౌతమీ తీరాన ఉన్న ముక్తేశ్వరానికి వరద కొత్త కాదు. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కోనసీమ లంకలు మునిగాయి. వాతావరణం గతి తప్పితే మొదటి దెబ్బ ఎవరికో ఈ నేలకు ఎవరూ బోధించనక్కరలేదు. ఆ వాతావరణం పేరిటే సాగుతున్న కార్బన్ క్రెడిట్ల వ్యాపారంలో కొనేదెవరు, ఎందుకు కొంటున్నారు అన్నది మాత్రం మన ఇళ్లలో చర్చకు రావలసి ఉంది.

ఒక టన్ను బొగ్గుపులుసు వాయువును ఆపినందుకో, గాలి నుంచి తొలగించినందుకో ఇచ్చే పత్రమే ఒక క్రెడిట్. చట్టం విధించిన పరిమితి దాటిన పరిశ్రమలు దానిని కొంటాయి. ఏ చట్టమూ అడగకపోయినా 'కార్బన్ రహితం' అనే ముద్ర కోరే కంపెనీలూ కొంటాయి. ఇద్దరి లెక్కా ఒకటే: సొంత పొగ తగ్గించుకోవడం కన్నా పరాయి చెట్టును కొనడం చవక.

ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ గిరిజన మహిళలు 2003లో 147 టన్నుల క్రెడిట్‌ను ప్రపంచ బ్యాంకుకు అమ్మారు. పదేళ్లపాటు డీజిలుకు బదులు కానుగ నూనె వాడకంపై వేసిన లెక్క అది. వచ్చినది 645 డాలర్లు. టన్నుకు నాలుగున్నర డాలర్లు కూడా కాదు. వాషింగ్టన్‌లో మూడు రోజులు జరిగిన ఒక సదస్సుకు వచ్చినవారి ప్రయాణాల పొగకు అది పరిహారం. వారి మూడు రోజులకు వీరి పదేళ్లు! అరకులో గిరిజన రైతుల చేత చెట్లు నాటించిన లైవ్‌లీహుడ్స్ నిధిలోనూ డానోన్, హెర్మెస్ వంటి ఫ్రెంచి కంపెనీలు పెట్టుబడి పెట్టాయి. వాటికి ప్రతిఫలంగా అందేవి క్రెడిట్లే.

పేదలకు నాలుగు డబ్బులు వస్తుంటే అభ్యంతరమేమిటని కొందరు అడుగుతారు. డబ్బు రావడాన్ని మేము తప్పుపట్టడం లేదు. అది ఎవరి చేతికి వస్తుందని అడుగుతున్నాము. ఒప్పందం పట్టా ఉన్నవాడితో జరుగుతుంది. కౌలుదారు, దింపు కార్మికుడు, కొబ్బరి వలిచే కూలీ ఆ కాగితంలో కనిపించరు. సెంటు భూమి లేక పరాయి తోటల్లో బతికే ముస్లిం కుటుంబాలూ కనిపించవు.

కేంద్రం 2023లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని ప్రకటించింది. బేరగాళ్లు మన గడప తొక్కకముందే మేము కోరేది ఇది: ఒప్పందం తెలుగులో ఉండాలి, కొనేవారి పేరు, ధర గ్రామసభలో చదవాలి, కౌలుదారుకూ కూలీకీ వాటా రాయాలి, వక్ఫ్ భూమి అయితే ముతవల్లీ ఒక్కరి సంతకం చెల్లకూడదు. తూకంలో దగా పాపమని నమ్మే సమాజం మనది. పొగ తూకమూ తూకమే.