దీపాలు పంచుదామా, కరెంటు నిలబెడదామా?



జవ్హార్, మోఖాడా వైపు కొండల్లో కరెంటు సరిగా లేని ఒక ఆదివాసీ పాడా చూసి, మన సంఘం తరఫున సోలార్ దీపాలు పంచుదామని గ్రూపులో మాట నడుస్తోంది. మంచి మనసుతో అన్నమాటే. కానీ రెండేళ్లకి ఆ దీపాలు మూలన పడతాయి. నా మాట వేరు: ఖర్చు ఎక్కువైనా సరే, రెండు మూడేళ్ల చందాలు కూడబెట్టి ఒక్క పాడాకైనా నిలిచే కరెంటు పెడదాం.

"అది మన వల్ల అయ్యే పనా?" అంటారు. పుణె జిల్లా జున్నర్ తాలూకాలో దరేవాడి అని కొండ ఊరు ఉంది. 2012లో గ్రామ్ ఊర్జా అనే సంస్థ అక్కడ 9.4 కిలోవాట్ల సోలార్ పెట్టి 39 ఇళ్లకి కరెంటు ఇచ్చింది. సాంచాకి ఒక హెచ్‌పీ మోటారు లెక్క వేసుకోండి, ఆ కరెంటుతో మన పూర్ణలో నడిచేవి పన్నెండు సాంచాలు. ఒక చిన్న కార్ఖానా తినే కరెంటుతో ఒక ఊరు వెలిగింది!

అయితే ఒక్క సోలార్‌నే నమ్ముకోవద్దు. ఇక్కడి వానాకాలం సంగతి మీకు నేను చెప్పాలా? జులై, ఆగస్టుల్లో రోజుల తరబడి ఎండ ముఖం కనపడదు, బ్యాటరీ నిండదు. పాము, తేలు భయం ఉండేది కూడా ఆ రోజుల్లోనే. కానీ అప్పుడే కొండ మీద నైరుతి గాలి హోరుమంటుంది, వాగులు నిండుగా పారతాయి. ఎండాకాలం సోలార్, వానాకాలం గాలి మర లేదా వాగు మీద చిన్న టర్బైన్, అన్నీ ఒకే బ్యాటరీకి కలిపితే ఏడాది పొడుగునా గడుస్తుంది. లోయలో ఉన్న పాడాకి గాలి మర దండగ, అక్కడ వాగే మేలు. చోటు చూడకుండా సామాను కొనొద్దు.

సామాను కంటే కష్టమైంది ఇంకోటి ఉంది. బీహార్‌లో ధర్నయి అనే ఊరికి 2014లో గ్రీన్‌పీస్ వాళ్లు 100 కిలోవాట్ల సోలార్ పెట్టారు, దేశమంతా పేరొచ్చింది. తర్వాత బ్యాటరీలు పోయాయి, సర్కారు లైను వచ్చింది, ఆ చోటు పశువుల కొట్టమైంది. దరేవాడిలో మాత్రం ఇంటింటికీ మీటరు పెట్టారు, ఊరి ట్రస్టే నెలనెలా డబ్బు వసూలు చేసేలా ఏర్పాటు చేసుకున్నారు. బ్యాటరీ పోయిన రోజు దాత వైపు చూడకుండా ఉండాలంటే ఆ డబ్బే దిక్కు.

ఇది మనకి కొత్త విద్యా? సిరిసిల్లలో సెస్ 1970 నుంచి ఊళ్లకి కరెంటు ఇస్తోంది. అది సహకార సంఘం, వాడుకునేవాళ్లే సభ్యులు. సెస్ బిల్లు కట్టిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు మనలో ఎంతమంది లేరు!

కాబట్టి వచ్చే మీటింగులో దీపాల కొటేషన్ పక్కన పెట్టండి. ముందు నలుగురం, అందులో సాంచాల మోటార్లు బాగుచేసే మేస్త్రీ ఒకరు, వాన జోరుగా ఉన్నప్పుడే పాడాకి వెళ్దాం. వాగు ఏ నెల దాకా పారుతుందో అక్కడి పెద్దల్ని అడుగుదాం. నెలకి ఇంటికి ఎంత ఇవ్వగలరో వాళ్ల నోటితోనే విందాం. వచ్చేవాళ్లు కింద పేరు రాయండి.