రైతునకు రైఫిలు తగునా?

పంట పండించుట యొక యెత్తు, పండిన పంటను ఇల్లు చేర్చుట యొక యెత్తు. అడవిపందుల బాధకు తాళలేక వేరుశనగ, మొక్కజొన్న, చెఱకు వేసిన రైతులు రాత్రులు నిద్ర మాని మంచెలపై గడపుచున్నారు. ఇట్టి తఱి "అమెరికా రైతులవలె మనకును చిన్న రైఫిళ్లు ఇప్పింపుడని సంఘము తరఫున ఏల కోరరాదు?" అను మాట సభ్యులలో అచ్చటచ్చట వినవచ్చుచున్నది. బిడ్డలు అమెరికాలో నున్న కుటుంబములు మన పల్లెలలో నిప్పుడు తక్కువ కావు. అచ్చటి పశుపాలకుడు తన గొఱ్ఱెలను కయోటీలనుండి కాపాడుకొనుటకు రైఫిలు పట్టునని వారివలన వినుచున్నాము. కావున ఈ కోరిక పుట్టుట సహజమే. అయినను ఆ పశుపాలకుడు రైఫిలును, గుండును ఏ లెక్క చూచి యెన్నుకొనునో తెలిసికొనక దానిని కోరుట తగదు. ఆ లెక్కను తుదివఱకు జూచినచో, రైఫిలు మన పొలములకు తగినది కాదని ఆ లెక్కయే చెప్పునని నా యభిప్రాయము.

కయోటీ యనునది ఉత్తర అమెరికా ఖండమందలి జంతువు. మన నక్కకంటె కొంచెము పెద్దది, తోడేలుకంటె చిన్నది. తూకము సుమారు 9 మొదలు 20 కిలోల వఱకుండును. అచ్చటివారు తోడేళ్లను చాలవఱకు నిర్మూలించిన పిమ్మట ఇది ఖండమున విశేషముగ వ్యాపించినది. ఎలుకలను, కుందేళ్లను తిని రైతునకు మేలు చేయును. గొఱ్ఱెపిల్లలను, కోళ్లను ఎత్తుకొనిపోయి కీడును చేయును. దాని కన్నులు, చెవులు, ముక్కు మిక్కిలి చుఱుకైనవి; మనుష్యుని దరికి రానీయదు. బయలు మైదానములలో దానిని నూఱు మొదలు మూడువందల గజముల దూరమునుండి కాల్చవలసి వచ్చును. దేహము చిన్నది, దూరము పెద్దది. ఈ రెండు సంగతులే అచ్చటి రైఫిలు ఎన్నికకు మూలము.

రైఫిలు గొట్టమునకు లోపల మెలితిరిగిన గాడులుండును. గుండు వానివెంట తిరుగుచు వెలువడుటచే బొంగరమువలె నిలుకడ కలిగి సూటిగా పోవును. గొట్టపు రంధ్రము వెడల్పునే బోరందురు. కయోటీ వేటకు సాధారణముగ వాడునది పాయింటు 22 బోరు, అనగా అంగుళమును నూఱు పాళ్లు చేసిన 22 పాళ్లు. అయితే ఈ బోరు తూటాలన్నియు నొక్కటి కావు. వానిలో అందఱు నెఱిగినది 22 లాంగ్ రైఫిల్ అను చిన్న తూటా. దాని గుండు 40 గ్రెయినులు, అనగా రెండున్నర గ్రాములకు కొంచెము హెచ్చు. వేగము సెకనుకు సుమారు 1,200 అడుగులు. ఇది ఉడుతకు, కుందేలుకు చాలును గాని దూరముననున్న కయోటీకి చాలదు. దెబ్బ తిన్న జంతువు పొదలలో దూరి బహుకాలము బాధపడి చచ్చును. ఇట్టి వేట వేటగానికి గౌరవము కాదు.

అందువలన అదే బోరులో, హెచ్చు మందు పట్టు పెద్ద తూటాలు వాడుకలోనికి వచ్చినవి. 1930 ప్రాంతమున వచ్చిన 22 హార్నెట్ నూటయేబది గజముల వఱకు పనికివచ్చును. 1964లో వచ్చిన 223 రెమింగ్టన్ 55 గ్రెయినుల గుండును సెకనుకు సుమారు 3,200 అడుగుల వేగముతో పంపును. గుండు బరువు చిన్న తూటాకంటె మూడవవంతుకు పైగా మాత్రమే హెచ్చినను, గొట్టము విడుచునప్పటి బలము సుమారు పది రెట్లు. 1965లో రెమింగ్టన్ కంపెనీ అమ్మకమునకు దెచ్చిన 22-250 తూటా ఇంకను వేగమైనది. మూడువందల గజములకు మించిన బయళ్లలో దానిని కోరుదురు. తెలిసిన పశుపాలకుడు వీనిలో మిక్కిలి బలమైనదానిని కోరడు. తన పొలములో నిజముగ కాల్చు దూరమునకు చాలినంత చిన్నదానిని కోరును. అంతకు మించినచో తూటా వెలయు, చప్పుడును, గొట్టపు అరుగుదలయు హెచ్చుటయే కాని లాభము లేదు.

తుపాకికంటె గుండు ఎన్నిక ముఖ్యము. పూర్తిగ రాగి తొడుగు గల గుండు చిన్న జంతువు దేహమున సన్నని రంధ్రము చేసి ఆవలికి దూసికొనిపోవును. ఱాతికి తగిలినచో ప్రక్కకు ఎగిరిపోవును. చర్మము చెడకుండుటకై కొందఱు దీనిని మెచ్చుకొనిన నుందురు గాని, మంద కాచు రైతునకు ఇది తగదు. మొన మెత్తనిది గాని, మొనలో గుంట గలది గాని, ప్లాస్టికు మొన గలది గాని యైన తేలిక గుండు దేహమున జొచ్చినంతనే విచ్చి, ముక్కలై, చాలవఱకు లోపలనే నిలిచిపోవును. జంతువు వెంటనే చచ్చును. వెనుకనున్న వారికి అపాయము తగ్గును. గుండు తూకము గొట్టపు మెలికకు సరిపడవలెను. 12 అంగుళములకు ఒక చుట్టు తిరుగు గొట్టమునకు 40 మొదలు 55 గ్రెయినుల గుండ్లు తగును. బరువైన పొడుగు గుండ్లకు 8 లేక 9 అంగుళములకు ఒక చుట్టు తిరుగు గొట్టము కావలెను. సీసము సంగతియు నొకటి కలదు. సీసపు తునుకలున్న కళేబరములను తిని కాండర్ అను పెద్ద రాబందులు విషమెక్కి చచ్చుచుండుటచే కాలిఫోర్నియా రాష్ట్రమువారు 2019 జూలై 1 మొదలు వేటలో సీసపు గుండ్లను నిషేధించినారు.

ఇంతవఱకు చెప్పినది సగము లెక్క. మిగిలిన సగము గుండు తప్పిపోయినప్పటిది. 22 లాంగ్ రైఫిల్ గుండు, చూచుటకు శనగగింజంత యున్నను, మైలుకు మించి పోగలదు. 223 గుండు సుమారు రెండు మైళ్లు పోగలదు. కావున అచ్చటి వేటనేర్పు పాఠములలో మొదటి పాఠము తుపాకి గూర్చినది కాదు. జంతువు వెనుక మట్టిదిబ్బ గాని, కొండవాలు గాని లేనిచో మీట నొక్కరాదని. మిట్ట మీద ఆకాశమునకు ఎదురుగ నిలిచిన కయోటీని ఎంత సులువుగ కనబడినను విడిచిపెట్టవలెను. ఇండ్లు ఒకదానికొకటి మైళ్ల దూరమున నుండు ఆ మైదానములలోనే ఇంత కట్టుబాటు కలదు.

రైఫిలుతో కయోటీల బాధ తీఱినదా యనిన, అదియు లేదు. ప్రతి సంవత్సరము నూటికి 75 చొప్పున చంపుచు వచ్చినను ఆ జాతి అంతరించుటకు ఏబది యేండ్లకు పైగా పట్టునని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు 1975లో ప్రకటించిన లెక్క చెప్పుచున్నది. కాన వివేకియైన పశుపాలకుడు కావలి కుక్కలను పెంచును, రాత్రి మందను దొడ్డిలో తోలును, కంచె బాగుచేసికొనును. వీనికి లొంగక మందకు మఱగిన జంతువు కొఱకే తుపాకి తీయును.

ఇక మన పొలములకు వత్తము. మన బాధ కయోటీ కాదు, అడవిపంది. పెద్ద మగపంది నూఱు కిలోలకు మించుటయు కలదు. మెడమీదను, భుజముల మీదను దాని చర్మము దళసరి. ఇరువది కిలోల జంతువుకే చాలని చిన్న 22 గుండు దీనికేమి చాలును? గాయపడిన పంది మనుష్యునిపైకి వచ్చుట పల్లెటూరివారికి నేను చెప్పవలసినది కాదు. పోనీ, బలమైన రైఫిలు తెత్తమన్నచో దాని గుణము దూరము. మన పంది మూడువందల గజముల దూరమున నిలువదు. చీకటిలో చేలో జొచ్చి మంచెకు ఇరువది ముప్పది గజములలోనే మేయును. మనకు అక్కఱలేని దూరముకొఱకు రెండు మైళ్లు పోవు గుండును చేతబట్టుట యేల? మన చేల గట్టు దాటిన నింకొకరి చేను. ఆ చేలో మఱియొకడు కావలి యుండును. మోటారు వేయుటకు పోవువాడొకడు, మడవ మార్చువాడొకడు, గొఱ్ఱెల మందను చేలో ఆపి పండుకొనిన కాపరి యొకడు. తప్పిపోయిన గుండు వీరిలో నెవ్వరిని వెదకుకొనునో చెప్పగలవారెవరు?

మన చట్టము ఈ విషయమున తెలివిగనే యున్నది. 1959 నాటి ఆయుధముల చట్టము 13వ సెక్షను ప్రకారము పంట కాపుదలకు ఇచ్చునది నోటినుండి మందు దట్టించు తుపాకి లైసెన్సు. అది చాలదని అధికారికి తోచినచో 20 అంగుళములకు తక్కువ కాని గొట్టము గల, లోపల గాడులు లేని వేఱు తుపాకి ఈయవచ్చును. 12 బోరు తుపాకి యిట్టిదే. దానిలో ఎల్.జి., ఎస్.జి. అను పెద్ద గుళ్ల తూటాలు వాడినచో ముప్పది గజములలో పందికి చాలును. అవి తప్పిపోయినను ఆఱేడువందల గజములలో నేలబడును. ఇదియు అపాయము లేనిది కాదు గాని, రెండు మైళ్లతో పోల్చిన నెంతో మేలు. "నాటు తుపాకి ఒక్కసారి పేలి యూరకుండును, వానలో మందు తడియును" అను సభ్యుల మొఱ న్యాయమే. దానికి మందు రైఫిలు కాదు. పైని చెప్పిన వేఱు తుపాకిని కోరు అర్జీ.

మఱియొక సంగతి మఱవరాదు. లైసెన్సు తుపాకి యుంచుకొనుటకు మాత్రమే. పందిని చంపుటకు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అడవిపంది రక్షిత జంతువు. 2022 సవరణ పిమ్మట అది రెండవ షెడ్యూలులో నున్నది. నిలిచియున్న పంటకు అపాయకరమైనదని ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన అధికారమిచ్చిన యుద్యోగి గాని వ్రాతమూలముగ అనుమతించిననే కాల్చవచ్చును. నక్కయు రక్షిత జంతువే. అమెరికాలో కయోటీని కాల్చుదురు గదా యని మనము నక్కను కాల్చిన నేరమగును. ఎలుకలను తిను నక్క వరిరైతునకు నేస్తమేగాని పగవాడు కాదు.

అనుమతులకై తిరిగి విసిగినవారు కొందఱు చేను చుట్టు తీగ కట్టి కరెంటు విడుచుచున్నారు. తుపాకి పట్టినవాడు కనీసము ఎదుటనున్నది చూచి మీట నొక్కును. తీగకు కన్నులు లేవు. అది పందిని ఎంతగ పట్టునో ఎద్దును, ప్రక్కచేని రైతును, తుదకు కట్టినవానిని గూడ అంతగనే పట్టును. ఇది నేరమే కాక పాపము.

కావున సంఘమువారికి నా మనవి యిది. రైఫిళ్లకొఱకు తీర్మానము చేయవలదు. దానికి మాఱుగ, పందుల బాధ గల గ్రామములన్నియు చేరి, నష్టపడిన సర్వే నెంబర్లతో, పంట వివరములతో ఒక్క అర్జీ వ్రాసి అటవీశాఖకు పంపుదము. విడివిడిగ పోయిన రైతు మాట కంటె సంఘము మాట త్వరగ వినబడును. గ్రామమునకు ఒకరిద్దఱు మాత్రమే, లైసెన్సును నిదానమును గలవారు, అనుమతి వచ్చిన పిమ్మట తుపాకి పట్టవలెను. తక్కినవారికి ఆ రాత్రి ఎవరు ఎచ్చట నుండవలెనో ముందుగనే చాటింపు వేయవలెను. చప్పుడు విని కాల్చరాదు; దీపము వేసి, పందియే యని చూచి, వెనుక మట్టి యున్నదని చూచి కాల్చవలెను.

కాల్చువాడు నేలమీద నిలువక మంచె యెక్కవలెను. పండ్రెండడుగుల మంచె మీదనుండి ఇరువది గజములలోని పందిని కాల్చినచో గుళ్లు క్రిందికి వాలి, తప్పినను కొద్ది గజములలోనే నేలలో దిగబడును. అమెరికా రైతు కొండవాలును వెదకుకొని పొందు రక్షణను మన పెద్దలు నాలుగు గుంజలు పాతి సంపాదించినారు. సంఘము సొమ్ము వెచ్చింపదలచినచో ముందుగ గట్టి మంచెలకు, మంచి దీపములకు, ఉమ్మడి కంచెకు వెచ్చించుట మేలు. పోయిన పంటను వచ్చే కారులో మఱల పండించుకొనవచ్చును. పొరుగువాని ప్రాణమును ఏ కారులోను పండింపలేము.