పడకగదిలో పట్టిన పాట

పాటను ధ్వనిముద్రణ మొనర్పవలెనన్న స్టూడియోయు, వాద్యబృందమును, ధనమును కావలెనను భ్రమ మనవారిలో ఇంకను తొలగలేదు. ఇందువలన మన అవ్వల నోట నిలిచిన నలుగు పాటలు, విసురురాతి పాటలు వారితోడనే పోవుచున్నవి.

అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ చేసిన పని యిచట స్మరింపదగియున్నది. అప్పటికే లక్షల శ్రోతలు గల యాయన 1982 జనవరిలో, న్యూజెర్సీ రాష్ట్రమందలి కోల్ట్స్ నెక్‌లో, అద్దెయింటి పడకగదిలో కూర్చుండి, నాలుగు వరుసల క్యాసెట్ యంత్రముపై పాడుకొనెను. గొంతును గిటారును ముందు పట్టి, మౌతార్గను మున్నగువానిని మిగిలిన వరుసలపై తానే చేర్చెను. అవి తన బృందమునకు వినిపించుటకై చేసికొన్న నమూనాలు మాత్రమే. పిమ్మట స్టూడియోలో అందరును కలిసి వాయించి చూడగా పాటలలోని ప్రాణము జారిపోయెను. తుదకు, పైపెట్టె యైనను లేక జేబులో తిరిగిన ఆ క్యాసెట్టులోని పాటలే ‘నెబ్రాస్కా’ యను పేర 1982 సెప్టెంబరు 30న వెలువడినవి.

మెరుగు పెట్టబోయి పాటను పోగొట్టుకొను చేటు మనకును కలదు. అవ్వ పాటకు కీబోర్డు జోడించి, కోస్తా యాసలోనికి దిద్ది వేరొకరిచే పాడించినచో అది మన పాట యగునా? కోలారు తెలుగులో కన్నడ పదములు కలిసియున్నవి. మన విద్యావంతులలో కొందరికి అది నామోషీ. మాకు మాత్రము కాదు. 2007 వరకు మన జిల్లాలోనిదే యైన కైవారమున తాతయ్య తెలుగునను కన్నడమునను కీర్తనలు పాడెను గదా!

మన పిల్లలు కన్నడమునో ఇంగ్లీషునో చదువుచున్నారు, చదువవలసినదే. కాని తెలుగు లిపి రానివారికి వ్రాసియుంచిన పాట అక్కరకు రాదు, చెవిని పడినదే దక్కును.

పరికరమునకు కొరత లేదు. 2023లో విస్ట్రాన్ నుండి టాటా వారు కొన్న కర్మాగారమున, ఈ నరసాపురముననే, ఐఫోనులు తయారగుచున్నవి. అంత వెల గలది అక్కరలేదు. చేతనున్న ఫోనే చాలును. ఫ్యాను నాపి, ఫోనును అవ్వకు మూరెడు దూరమున నుంచి పాడనిండు. కోడి కూసినను, అవ్వ చరణము మరచి ఆగినను కత్తిరింపవలదు. తన పేరు, పుట్టినయూరు, పాట నేర్పినవారి పేరు ఆమెచేతనే చెప్పింపుడు. వాట్సాపులో పంపి ఊరకుండక, మూలప్రతిని వేరొకచోట దాచుడు.

దసరా సెలవులకు మనుమలు వత్తురు. ఆ దినములలో ఇంటికొక్క పాటయైనను పట్టవలెనని మా మనవి.