గిఫ్ట్ ఇస్తే విషమా?

జర్మనీలో ఉన్న ఫ్రెండ్‌కి పుట్టినరోజు పార్సిల్ పంపుతున్నారా? దానిమీద పెద్దక్షరాలతో ‘గిఫ్ట్’ అని మాత్రం రాయకండి. జర్మన్‌లో గిఫ్ట్ అంటే విషం. మనం ఇచ్చే బహుమతిని వాళ్లు ‘గెషెంక్’ అంటారు.

స్వీడన్ వెళ్తే ఇంకో తమాషా. అక్కడ కూడా గిఫ్ట్ అంటే విషమే, ‘పెళ్లయింది’ అని చెప్పడానికీ అదే మాట! స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా లేదు. (మా ఆఫీసులో పెళ్లైనవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు.)

నిజానికి ఈ మూడు అర్థాలకీ వేరు ఒక్కటే: ఇవ్వడం. ఇంగ్లిష్ ‘గివ్’ కూడా ఆ చుట్టమే. మరి ఇచ్చేది విషమెలా అయింది? గ్రీకులో ‘డోసిస్’ అంటే ఇవ్వడం. వైద్యుడు ఒకసారికి ఇచ్చే మందుకి ఆ పేరొచ్చింది. టీకా రెండో డోసు అంటామే, అదే. జర్మన్లు ఆ వాడుకను తమ ‘గిఫ్ట్’ మీదికి తెచ్చుకున్నారు. విషం అని నోటితో అనలేక ‘ఇచ్చినది’ అని చాటుగా అనేవాళ్లు. చివరికి ఆ చాటుమాటే అసలు మాటైపోయింది. మన ‘మందు’ని చూడండి. జ్వరానికి వేసుకునేదీ, పురుగులకి కొట్టేదీ, శనివారం రాత్రి తాగేదీ అన్నీ మందే!

పెళ్లి సంగతి మనకింకా సులువుగా అర్థమవుతుంది. ‘ఫలానా ఊళ్లో పిల్లనిచ్చాం’ అంటాం కదా, స్వీడిష్ మాట వెనకున్నదీ ఆ ఇవ్వడమే. పాత ఇంగ్లిష్‌లోనైతే గిఫ్ట్ అంటే వధువు కోసం చెల్లించే సొమ్ము. మన పెద్దలు ఓలి అనేవాళ్లే, అలాంటిది.

నన్ను ఆపేసిన మాట మాత్రం జర్మన్ ‘మిట్‌గిఫ్ట్’. మిట్ అంటే తోపాటు. అమ్మాయితోపాటు ఇచ్చేది, అంటే కట్నం. విడిగా గిఫ్ట్ విషమైపోయినా, ఇందులో పాత అర్థం అలాగే మిగిలింది.

మన దగ్గర దీనికి రివర్స్. ‘కట్నం’ అనడం మానేసి ‘గిఫ్ట్’ అంటున్నారు. ‘మేమేం అడగలేదండీ, వాళ్లే ప్రేమతో కారు ఇచ్చారు’. 1961 నాటి వరకట్న నిషేధ చట్టంలో అడగకుండా ఇచ్చిన కానుకలకి మినహాయింపు ఉంది, నిజమే. కానీ అమ్మాయి తరఫువాళ్లు ఇచ్చేది వాళ్ల స్తోమతకు మించకూడదు. కానుకల జాబితా రాయాలి. 1985 నిబంధనల ప్రకారం దానిమీద వధూవరులిద్దరూ సంతకం పెట్టాలి. నేను వెళ్లిన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకమైతే ప్రతిచోటా చూశాను. బాబాయి చదివించిన 516 రూపాయలకి అందులో పద్దు ఉంటుంది, గుమ్మం ముందు రిబ్బన్ కట్టి నిలబెట్టిన కారుకి ఉండదు.