వాడి అన్నం వాడు కలుపుకోనివ్వండి

ఏ స్కూలు జోన్‌లో ఇల్లు కొనాలి అని మన తెలుగు వాట్సాప్ గ్రూపులో అడగండి, పది నిమిషాల్లో నలభై జవాబులు. "మా బాబుకి ఆటిజం అన్నారు, ఏం చెయ్యాలి" అని మాత్రం ఎవరూ గ్రూపులో అడగరు. రాత్రి పదకొండు దాటాక నాకు విడిగా మెసేజ్ పెడతారు. మా అబ్బాయికి సెరిబ్రల్ పాల్సీ అని తెలుసు కాబట్టి. ఒక్కొక్కరికీ చెప్పేదేదో అందరికీ ఒకేసారి చెబుతున్నా.

కాలిఫోర్నియాలో 1969 నుంచి లాంటర్‌మన్ చట్టం ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మూర్ఛ, బుద్ధిమాంద్యం లాంటివి 18 ఏళ్లలోపు మొదలై, జీవితాంతం ఉండేవై, రోజువారీ బతుకుని బాగా ఇబ్బంది పెడుతుంటే సాయం అడగడం హక్కు. మన కాంట్రా కోస్టా, పక్క అలమీడా కౌంటీలకి రీజనల్ సెంటర్ ఆఫ్ ది ఈస్ట్ బే చూస్తుంది. పరీక్షలకి డబ్బు తీసుకోరు, వీసా ఏంటని చూడరు. "మనం హెచ్-1 కదండీ, మనకెందుకిస్తారు" అని ఊరుకున్నవాళ్లు ఎందరో! మూడేళ్లు నిండితే స్కూలు డిస్ట్రిక్ట్‌ని అడగాలి, అదీ కాగితం మీద. నోటితో అడిగితే గడువు మొదలవదు. రాసిస్తే 15 రోజుల్లో ఏ పరీక్షలు చేస్తారో ప్లాన్ ఇవ్వాలి.

ఇన్సూరెన్సులో ఒక మెలిక. ఆటిజం థెరపీకి ఇన్సూరెన్స్ డబ్బు కట్టాలని ఈ రాష్ట్రంలో 2012 నుంచి చట్టం ఉంది. కానీ కంపెనీయే సొంత డబ్బుతో నడిపే ప్లాన్ అయితే ఆ రాష్ట్ర చట్టం దానికి వర్తించదు. కార్డు మీద ఇన్సూరెన్స్ కంపెనీ పేరే ఉంటుంది, చూస్తే తెలియదు. ఉద్యోగం మారేముందు హెచ్ఆర్‌ని ఇదొక్కటి అడగండి.

కాగితాల సంగతి సరే. నాకు అసలు బాధ మన ఇళ్లలోనే ఉంది. పన్నెండేళ్ల పిల్లాడికి అమ్మ ముద్దలు కలిపి నోట్లో పెడుతుంది, నాన్న బూట్లు తొడుగుతాడు. ప్రేమే, కాదనను. తొందర కూడా, ఎనిమిదింటికి స్టాండప్ మీటింగ్ ఉంది మరి. మా వాడికి కుడిచెయ్యి పట్టు లేదు, ఎడంచేత్తో తింటాడు. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ "ఎడంచేత్తో అన్నమేంట్రా" అని కలిపి పెట్టబోయింది. "అమ్మా, వాడికున్న చెయ్యి అదే" అన్నాను. గుళ్లో ప్రసాదం దగ్గర కూడా చూపులుంటాయి. ఉండనీండి. టేబుల్ మీద సగం అన్నం పడుతుంది, పడనీండి.

ఇది ఆరోగ్యం సంగతి కూడా. పెరిగే వయసులో ఎముక పెరిగినంత వేగంగా ఈ పిల్లల కండరాలు సాగవు, బిగుసుకుంటాయి. ఎత్తుకుని కారులో కూర్చోబెడితే మనకి ఐదు నిమిషాలు మిగులుతుంది, వాడి కాలికి ఆ రోజు పని ఉండదు. పాత రైలు దారి మీద వేసిన మన ఐరన్ హార్స్ ట్రైల్ చదునుగా ఉంటుంది, వాకర్‌తో నడవడానికి అంతకంటే మంచి చోటు నాకు కనపడలేదు.

బర్క్‌లీ మనకి ఎంత దూరం? ఎడ్ రాబర్ట్స్ అనే కుర్రాడు 1962లో అక్కడ కాలేజీలో చేరాడు. పోలియోతో మెడ కింద దాదాపు ఏమీ కదలదు, రాత్రుళ్లు ఐరన్ లంగ్‌లో పడుకోవాలి. పనికి పనికిరాడని రాష్ట్ర పునరావాస శాఖ డబ్బు ఇవ్వనంది. 1975లో అదే శాఖకి డైరెక్టర్ అయ్యాడు! 1972లో అతనూ మిత్రులూ పెట్టిన ఇండిపెండెంట్ లివింగ్ సెంటర్ అక్కడ ఇంకా నడుస్తోంది. వాళ్లు చెప్పింది ఏంటంటే, స్వతంత్రం అంటే అన్నీ ఒంటరిగా చేసుకోవడం కాదు, నీకు ఎవరు, ఎప్పుడు, ఎలా సాయం చెయ్యాలో నువ్వే చెప్పడం. మన పిల్లల్ని మనం ఆ ప్రశ్న అడగం. ఏ చొక్కా అని కూడా అడగం.

"ఇండియా వెళ్ళిపోదామా" అని కూడా అడుగుతారు. 21 నిండితే హెచ్-4 ఉండదు, గ్రీన్ కార్డు వరుస కదలదు. ఆ భయం నాకూ ఉంది. అక్కడ కూడా 2016 చట్టంలో ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నాయి, కాగితం మీద బాగానే ఉంది. కానీ రీజనల్ సెంటర్ సాయం విమానం ఎక్కి రాదు. పళ్లు తోముకోవడం, మందు టైముకి వేసుకోవడం, "నొప్పిగా ఉంది" అని చెప్పడం, ఇవి వస్తాయి. అందుకే నేను లెక్కల గోల్స్ కంటే వీటికోసమే టీచర్లతో ఎక్కువ పోట్లాడతాను.

వచ్చే నెల మా వాడి ఐఈపీ మీటింగ్. ఈసారి బస్సు ఎక్కి డబ్లిన్ బార్ట్ స్టేషన్ దాకా వెళ్లడం గోల్‌గా రాయమంటున్నాం. మీటింగ్‌లో ఆ మాట వాడే చెబుతానన్నాడు.