అడిగినప్పుడు దాచకండి



ప్రభుత్వ సర్వే వాళ్లు ఇంటికొచ్చి "మద్యం, పొగాకు అలవాటు ఉందా?" అని అడిగితే చాలామంది "అబ్బే, లేదండి" అంటారు. విశ్వాసుల ఇళ్లలో ఈ మాట మరీ త్వరగా వస్తుంది. సంఘంలో పరువు పోతుందని భయం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు నిండిన మగవారిలో 43.3 శాతం మంది మద్యం తాగుతున్నారు. ఇది ఒప్పుకున్నవారి లెక్క. దాచినవారు ఇందులో లేరు. దేశంలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని 2019లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ సర్వే తెలిపింది. దాచిన జబ్బుకు వైద్యం ఎలా అందుతుంది?

వార్డులోనూ ఇదే జరుగుతుంది. చేర్చుకునేటప్పుడు "మా ఆయన ముట్టరు" అంటారు. రెండు మూడు రోజులకు చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, మతి తప్పి మాట్లాడతారు. రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా ఆపితే ఇలా అవుతుంది. ప్రాణం మీదికి కూడా రావచ్చు. ముందే చెబితే మందులతో కాపాడవచ్చు.

సర్వేలో మీరు చెప్పింది గోప్యంగా ఉంచుతారు. వార్డులో నర్సు అడిగేది మీ క్షేమం కోసమే, తీర్పు తీర్చడానికి కాదు. సంఘ పెద్దలకు నా మనవి: ఒప్పుకున్నవారిని వెలివేసినట్టు చూడకండి, చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకురండి. మానాలనుకునేవారు 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

దేవుని ఎదుట దాచలేనిది డాక్టరు దగ్గర మాత్రం ఎందుకు దాచాలి?

— నర్సింగ్ సూపరింటెండెంట్