కంప్యూటరు వేడిమియు ఫ్యాను మ్రోతయు

వేసవి ప్రవేశించినంతనే మన పాఠశాల కంప్యూటరు గదిలో నొక మ్రోత బయలుదేరును. ఉదయ మది తుమ్మెద రొదవలె నుండి, మధ్యాహ్నమునకు పిండిమర హోరువలె మాఱును. అప్పుడు మనలో కొందఱు "ఈ యంత్రము ముసలిదైనది, క్రొత్తది తెప్పింపవలయును" అందురు. మఱికొందఱు "ఫ్యాను వేగము తగ్గించిన చాలును, మ్రోత యుండదు" అందురు. ఈ రెండభిప్రాయములును సరియైనవి కావని నా నమ్మకము. వైద్యుడు జ్వరమునకు కారణము వెదకునట్లు మనమును మ్రోతకు కారణము వెదకవలయును. ఆ పని విద్యార్థులకు సాధ్యమైనదే యనియు, దానిని పాఠశాలలోనే నేర్పవలయుననియు నీ వ్యాసమున మనవి చేయుచున్నాను.

గత వేసవి సెలవులలో నేను సిద్దిపేట జిల్లాలోని ఇబ్రహీంపూర్ గ్రామమున మా మేనమామగారి యింట కొన్ని దినములుంటిని. ఆ యూరు ఇంకుడు గుంతలకును, వాననీటిని నిలుపు కందకములకును పేరుగాంచినది. 2016వ సంవత్సరము నవంబరు నెలలో పెద్దనోట్లు రద్దయిన పిమ్మట, మఱుసటి నెలలోనే తెలంగాణమున మొదటి నగదురహిత గ్రామమని పత్రికల కెక్కినది. అట్టి యూరిలో మామయ్యగారి డెస్క్‌టాపు కంప్యూటరు అరగంట పనిచేసినంతనే హోరుమని మ్రోగి, దానంతట నదియే ఆరిపోవుచుండెను. మా వదిన ఇంటర్మీడియటు ముగించి, డిగ్రీ ప్రవేశమునకై 'దోస్త్' దరఖాస్తులో కళాశాలల నెన్నుకొనవలసియుండెను. గడువు రెండు దినములే మిగిలెను. పట్టణములోని యొక మరమ్మతు దుకాణమువారు మూతయైన తెఱవక, ప్రాసెసరు చెడినదనియు, క్రొత్త కంప్యూటరు కొనవలసినదే యనియు చెప్పి పంపిరి. విత్తనములకై దాచిన సొమ్మును తీయుటకు మామయ్య సిద్ధపడెను.

"మామయ్యా, ఒక్కసారి తెఱచి చూతమా?" అని నేనడిగితిని. "చెడినదానిని తెఱచిన క్రొత్తగా చెడునది యేమున్నదిరా, చూడుము" అని యాయన నవ్వెను. తెఱచి చూడగా ప్రాసెసరుపై నున్న లోహపు రెక్కల సందులలో ప్రత్తి దూదియు, వడ్ల నూగును కలిసి కంబళివలె పేరుకొనియుండెను. ఆ రెక్కల దిమ్మెను బిగించు నాలుగు మీటలలో నొకటి యూడియుండెను. శుభ్రపఱచి, 150 రూపాయల థర్మల్ పేస్టు తెచ్చి పూసి, మీటలు సరిగా బిగించితిమి. అంతకుముందు 97 డిగ్రీలు చూపిన ప్రాసెసరు, అదే పనికి 70 డిగ్రీల యొద్ద నిలిచెను. ఆ సాయంకాలమే వదిన తన యెంపికలను పూర్తిచేసెను.

ఇంత చిన్న పలక కింత వేడి యేల పుట్టును? లెక్క వేసి చూతము. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె అడుగు సుమారు 160 చదరపు సెంటీమీటర్లుండును. అనగా చదరపు సెంటీమీటరున కించుమించు 6 వాట్లు. 65 వాట్ల ప్రాసెసరులోని సిలికాను పలకయో, ఒకటి రెండు చదరపు సెంటీమీటర్లకు మించదు. అనగా చదరపు సెంటీమీటరునకు 30 వాట్లకు పైమాటయే. ఈ చిక్కు నేటిది కాదు. 1946లో అమెరికాలో లోకమునకు చూపబడిన ఎనియాక్ యంత్రమున సుమారు 18,000 వాల్వులుండెను. అది 150 కిలోవాట్ల విద్యుత్తును వాడెడిది. దానిని చల్లార్చుటకు ప్రత్యేకముగా గాలియంత్రముల నమర్చిరి. 2004లో ఇంటెల్ సంస్థవారు, వేగము పెంచినకొలది వేడిమి మితిమీఱుచుండుటచే, టెజాస్ అను ప్రాసెసరు ప్రయత్నమునే విరమించి, ఒక వేగవంతమైన కోరుకు బదులు రెండు కోరు లుంచు మార్గమున కనువైరి. మహాసంస్థలనే వంచిన వేడిమిని మన మేమఱిపాటున చూడరాదు.

మఱియొక విషయము. ప్రాసెసరు ఉష్ణోగ్రత గదిగాలిని బట్టి యుండును. చలికాలమున 22 డిగ్రీల గదిలో 65 డిగ్రీలు చూపిన యంత్రము, అదే పనిని అదే ఫ్యాను వేగముతో మే నెలలో 42 డిగ్రీల గదిలో చేసినచో 85 చూపును. కావున వేసవిలో మ్రోత కొంత హెచ్చుట సహజము. పని లేనప్పుడును మ్రోగుట, లేక 90 డిగ్రీలు దాటుట మాత్రము సహజము కాదు. 95 నుండి 100 డిగ్రీల ప్రాంతమునకు చేరినచో, నేటి ప్రాసెసరులలో పెక్కులు తమ్ముతాము కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. అప్పటికిని చల్లబడనిచో యంత్ర మాగిపోవును.

వెదకుట కొక వరుస యుండవలయును. మొదట టాస్క్ మేనేజరు తెఱచి, పని లేని వేళ ప్రాసెసరు నేది వాడుచున్నదో చూడవలయును. ఒక్కొక్కప్పుడు వైరసు తనిఖీయో, విండోసు అప్‌డేటో, దొంగచాటుగా చేరిన ప్రోగ్రామో కారణమగును. అట్టియెడ చీపురుతో పనిలేదు. రెండవది, ఉష్ణోగ్రతను కొలిచి వ్రాసికొనవలయును. కొలతలేని చికిత్స గ్రుడ్డి చికిత్స. మూడవది, పెట్టె గోడకు జేరి యున్నదా, బల్ల యరలో బంధింపబడినదా యని చూచి, వెనుక జానెడు చోటు వదలవలయును. నాలుగవది ధూళి. యంత్రము నార్పి, తీగ నూడదీసి, పవరు మీట నొకసారి నొక్కి, ఆరుబయట మెత్తని కుంచెతోను గాలియూదు బ్లోయరుతోను తుడువవలయును. ఊదునప్పుడు ఫ్యాను రెక్కలను వ్రేలితో పట్టుకొనవలయును, లేనిచో నవి మితిమీఱి తిరిగి చెడును. తడిగుడ్డ తగదు. అయిదవది పేస్టు. రెండు లోహముల నడుమ కంటికి కనబడని సందులలో గాలి నిలుచును. గాలి వేడిని మిక్కిలి మెల్లగా పంపును. ఆ సందులను నింపుటయే పేస్టు పని. కొన్నియేండ్లకది యెండిపోవును. పాతదానిని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, బఠానీ గింజంత పెట్టిన చాలును; హెచ్చుగా పూసిన మేలు హెచ్చదు. ఆఱవది, ఫ్యాను గరగరలాడుచున్నచో దాని బేరింగు అరిగినదని యర్థము. ఫ్యానును మాత్రమే మార్చవలయును, కొన్ని వందల రూపాయలతో తీఱును. ధూళి చేరినదని కంప్యూటరునే పాఱవేయుట, ఎలుకమీది కోపమున నింటికి నిప్పు పెట్టుటవంటిది.

ఫ్యాను వేగము తగ్గించి మ్రోత మాన్పుదు మనువారికి నా జవాబిది. యంత్రము పరిశుభ్రముగ నుండి, ఉష్ణోగ్రత తక్కువగ నున్నప్పు డట్లు చేయవచ్చును. కారణ ముండగానే నోరు మూయించినచో, వేడి లోపలనే నిలిచి పని మందగించును.

"ఇది మెకానిక్కు పని; పిల్లలు తెఱచిన చెఱతురు" అని పెద్దలు కొందఱందురు. ఆ భయమున కొంత న్యాయమున్నది. పవర్ సప్లయి పెట్టెను విద్యార్థులెన్నడును విప్పరాదు. తీగ తీసిన పిదపను దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును. పేస్టు మార్చుట ఉపాధ్యాయుల యెదుటనే జరుగవలయును. కాని ధూళి తుడుచుటకును, కొలత వ్రాయుటకును భయమేల? సైకిలు గొలుసునకు నూనె వేయ నేర్చిన బాలు డీపనియు నేర్వగలడు. పనిముట్ల యెడల శ్రద్ధ మనకు క్రొత్త కాదు. దసరానాడు నాగళ్లను, బండ్లను, మగ్గములను కడిగి గౌరవించుట మన యూళ్ల యాచారము. ఇపుడు కంప్యూటరునకును పసుపు కుంకుమలు పెట్టుచున్నాము; లోపలి ధూళి మాత్ర మేండ్ల తరబడి యట్లే యున్నది.

కావున నా సూచన యిది. ఫిబ్రవరి నెలలో వేసవికి ముం దొకదినము, దసరా సెలవుల పిమ్మట నొకదినము, పై తరగతుల విద్యార్థులు ఉపాధ్యాయుల పర్యవేక్షణమున కంప్యూటర్లను శుభ్రపఱచి, ప్రతి యంత్రము ఉష్ణోగ్రతను ముందు వెనుకల నొక పుస్తకమున వ్రాయవలయును. ఆ పుస్తకము చూచిన యెడల నేది మరమ్మతునకు తగినదో, నిజముగా నేది మార్చదగినదో తెలియును, ధనమును మిగులును. ఊరి వ్యవహారములును, పిల్లల చదువులును యంత్రములపై నాధారపడిన యీ దినములలో, ఆ యంత్రములను కాపాడు విద్య యేదో దుకాణములో మాత్రమే యుండుట మేలు కాదు. ఇబ్రహీంపూర్ ప్రజలు వాననీటికి దారి చూపిరి. మన గదిలోని వేడిగాలికి దారి చూపుట మనకు కష్టము కాదు గదా! మన ప్రధానోపాధ్యాయులు ఈ విన్నపమును ఆలకింతురుగాక.